స్కార్లెట్ జ్వరమును గూర్చి తల్లులకు

బిడ్డ యొంటిమీద ఎఱ్ఱని పొక్కు కనబడినంతనే మన యిండ్లలో మొట్టమొదట మాఱునది వంట. తాలింపు గరిటె పొయ్యి మీదికి ఎక్కదు. నూనె కాగిన వాసన అమ్మవారికి గిట్టదందురు. వీధిగుమ్మమునకు వేపమండలు కట్టుదురు. బయటివారిని లోపలికి రానీయరు. బిడ్డను వేపాకుల మీద పరుండబెట్టుదురు. ఇవి యన్నియు మేమును చిన్ననాటి నుండి చూచినవే. వీనిలో నిందింపదగినది మాకు కనబడదు. పరులను రానీయకుండుట అంటువ్యాధికి మంచిదే. చప్పిడి భోజనము జబ్బుపడిన బిడ్డకు హితవే. కాని యీ యాచారములతో కూడ మఱియొక కట్టుబాటు వచ్చుచున్నది. అమ్మవారు వెడలిపోవువఱకు మందు ముట్టరాదని. సోదరీమణులు ఆలోచింపవలసినది ఈ యొక్క మాటను గూర్చియే.

మశూచికము ఉన్న దినములలో ఆ కట్టుబాటునకు అర్థము లేకపోలేదు. ఆ వ్యాధి వచ్చిన పిమ్మట మాన్పగల మందు ఎవరియొద్దను లేకుండెను. మన దేశమున కడపటి మశూచి రోగి 1975వ సంవత్సరమున కనబడెను. 1980లో ఆ వ్యాధి లోకమంతటను అంతరించినదని ప్రపంచారోగ్యసంస్థ వారు ప్రకటించిరి. జబ్బు పోయినది, కట్టుబాటు మిగిలినది. ఇప్పుడు తట్టు వచ్చినను, ఆటలమ్మ పోసినను, మఱియేది వచ్చినను అదే కట్టుబాటు. ఆ మఱియేది యనువానిలో నొకటి స్కార్లెట్ జ్వరము. దీనికి మన యిండ్లలో వాడుకపడిన పేరు లేదు. పేరు లేనందువలననే అది తట్టు చాటున దాగికొనుచున్నది. దీనికి మందు కలదు. అదియు చవుకయైన మందు, ఊరూర దొరకునది. దానిని వేళకు ఇయ్యకపోయిన యెడల కలుగు హాని ఎట్టిదో మా పుట్టినింట నొకరి యందు చూచియుంటిమి కనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒక పెండ్లికై మేము పిల్లలతో హైదరాబాదు పోయివచ్చితిమి. అప్పటికే ఆ నగరమున పిల్లలలో స్కార్లెట్ జ్వరము హెచ్చుగా కనబడుచున్నదని అక్కడి శిశువైద్యులు చెప్పిన మాట పత్రికలలో వచ్చుచుండెను. మేమది చదివియే యుంటిమి, చదివి మఱచితిమి. పెండ్లింట ఇరువది మంది పిల్లలు ఒకే జంపఖానా మీద పరుండిరి. ఒకే చెంబుతో నీరు త్రాగిరి. ఊరు చేరిన నాలుగవ నాడు, గురువారము సాయంకాలము, ఆఱేండ్ల మా అబ్బాయి బడినుండి వచ్చి, సంచి గుమ్మములోనే పడవేసి, గొంతు నొప్పి యనెను. రాత్రికి రెండు వాంతులైనవి. థర్మామీటరు పెట్టగా 102 డిగ్రీలు చూపినది. పెండ్లి భోజనము, మిఠాయి, ప్రయాణము, వీనిలో నేదో ఒకటి పడలేదనుకొని పారసెటమాల్ ఇచ్చి పరుండబెట్టితిమి.

మఱునాటి రాత్రి ఒడలు తుడుచుచుండగా మెడమీద, చంకలలో, ఱొమ్మున ఎఱ్ఱదనము కనబడినది. మా అత్తగారు దీపము దగ్గఱకు తెప్పించి చూచి రెండు చేతులును జోడించిరి.

"తల్లి వచ్చిందే అమ్మాయీ. ఆ మాత్రలు పక్కన పెట్టు. రేపు పొద్దున్నే వేపమండలు తెప్పించు," అనిరి.

మావారు ఉపాధ్యాయులు, పరీక్షల పనిమీద పొరుగూరనుండిరి. మేము మాఱు మాటాడలేదు. అత్తగారి మాట కాదనుటకు జంకితిమనుట సగము నిజము. తక్కిన సగము, మాకును తట్టు అనియే తోచినది. వీనికి తట్టు టీకాలు రెండును వేయించియుంటిమి గదా, మఱల నేల వచ్చినదను ప్రశ్న కూడ అప్పుడు తట్టలేదు.

ఆ రాత్రి పది గంటలకు మా చెల్లెలు ఫోను చేసినది. సంగతి చెప్పగా విని, "అక్కా, ఒంటి సంగతి తరవాత చెబుదువుగాని, గొంతు చూశావా? మింగగలుగుతున్నాడా?" యని అడిగినది.

మా చెల్లెలు గొంతును గూర్చి యడుగుటకు హేతువు కలదు. దానికి పదియవ యేట చలికాలమున గొంతు నొప్పియు జ్వరమును వచ్చినవి. పొక్కులేవియు లేవు. మిరియాల కషాయముతో నాలుగు దినములలో తగ్గినది, బడికి పోయినది. మూడు వారములు గడచిన పిమ్మట ఒక మోకాలు వాచినది. అది తగ్గుచుండగా చీలమండ, పిదప రెండవ మోకాలు. ఆటలలో పడినదేమో యని మా నాయనమ్మ నూనె రాచి కాపడము పెట్టినది. కీళ్ళ వాపులు పోయినవి. గొంతునొప్పికిని కీళ్ళకును సంబంధ ముండునని మా యింట నెవరికి తెలియును? తరువాత అయిదేండ్లకు మేడమెట్లు ఎక్కునప్పుడు ఆయాసపడుచున్నదని పట్టణమునకు తీసికొనిపోగా, గుండె కవాటమొకటి చెడినదని వైద్యులు చెప్పిరి. నాటినుండి 21 దినముల కొకసారి పెనిసిలిన్ సూది పొడిపించుకొనుచున్నది. పెండ్లి సంబంధములు వచ్చి పోయిన విధము, గర్భిణియైనప్పుడు తొమ్మిది నెలలు మా అమ్మ పడిన గుండెదడ, ఇక్కడ వ్రాయనక్కఱలేదు, చదువరులు ఊహింపగలరు. తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడిరి. సూది మాత్రము తప్పదు.

ఫోను పెట్టి, చెంచా కాడతో నాలుక నదిమి, టార్చి వెలుతురున చూచితిమి. గొంతు నెత్తురువలె ఎఱ్ఱగా ఉన్నది. నాలుకపై పెరుగు పూసినట్లు తెల్లని పూత, దానిలోనుండి ఎఱ్ఱని చిన్న గింజలు పొడుచుకొని వచ్చుచున్నవి. దవడల క్రింద బిళ్ళలు కట్టినవి. దగ్గు లేదు, ముక్కు కాఱుట లేదు, కన్నులు స్వచ్ఛముగా ఉన్నవి. తట్టు ఇట్లుండునా?

తెల్లవాఱి పట్టణమునకు పోయితిమి. మా అత్తగారును వెంట వచ్చిరి. డాక్టరమ్మ వాని కడుపుమీద వ్రేళ్ళు రాచి చూచి, మా చేతిని కూడ అక్కడ పెట్టించెను. ఈ యనుభవమునకై మేము ఆమెకు ఎంతయు కృతజ్ఞులము. కంటికి ఎఱ్ఱదనము కొంచెమే, స్పర్శకు మాత్రము వడ్రంగులు వాడు ఉప్పుకాగితము వలె గరుకుగా తగిలినది. ఈ జ్వరమునకు పేరు పెట్టినవారు తెల్లని మేనిచాయ గలవారు గనుక రంగును బట్టి పేరు పెట్టిరి. మన పిల్లల చామనచాయ మేనిలో ఆ యెఱుపు సగము దాగిపోవును. మనము చూపును కాదు, వ్రేలిని నమ్మవలెను.

పత్తి పుల్లతో గొంతులోని తడిని తీసి పరీక్షకు పంపి, డాక్టరమ్మ మా అత్తగారి వైపు తిరిగి, "పెద్దమ్మగారూ, మీ వేపాకు మీరు కట్టండి, నా మందు నేనిస్తాను. రెండూ పోట్లాడుకోవు," అనెను. మా అత్తగారు నవ్విరి. మందు విషయమున ఇంట తగవు లేకపోవుటకు ఆ మాటయే కారణము. వైద్యులందఱును ఇట్లే మాటాడనేర్చిన యెడల ఎంత బాగుండును!

ఇక వ్యాధిని గూర్చి. మన పూర్వులకు పొక్కుల జబ్బులలో భేదములు తెలియవని తలంపరాదు. మాధవనిదానమున మసూరిక యను ప్రకరణము కలదు. మసూరపప్పు గింజలంతటి పొక్కులు గనుక ఆ పేరు. దగ్గుతోను అరుచితోను కూడి, ముందు జ్వరము వచ్చి, వెండ్రుక కుదుళ్ళంత సన్నని పొక్కులు పోయు రోమాంతిక యనుదానిని అందు వేఱుగా చెప్పిరి. ఇంగ్లండున థామస్ సైడెన్‌హామ్ అను వైద్యుడు 1676లో ప్రకటించిన గ్రంథమున స్కార్లెట్ జ్వరమును తట్టునుండి వేఱుచేసి వర్ణించెను. కారణము తేలుటకు మఱి రెండున్నఱ శతాబ్దములు పట్టినది. అమెరికాలోని చికాగో నగరమున జార్జి డిక్, గ్లాడిస్ డిక్ అను దంపతులు, ఇరువురును వైద్యులే, 1923లో దీనికి మూలము స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవియని నిరూపించిరి. పూసలు గ్రుచ్చిన గొలుసువలె వరుసగా నుండు జీవి యది. గొంతులో కాపురము పెట్టి యొక విషమును వెడలగ్రక్కును. ఆ విషము నెత్తురులో కలిసి మేనిపై పొక్కుగా తేలును.

ఇందొక సూక్ష్మము కలదు. ఈ జీవులలో అన్నియు ఆ విషమును చేయవు. చేసినను దానిని తట్టుకొను శక్తి ఇదివఱకే గల బిడ్డకు పొక్కు తేలదు. కనుక ఒకే యింట అన్నకు ఒడలెల్ల గరుకు పుట్టగా చెల్లెలికి వట్టి గొంతునొప్పి రావచ్చును. జబ్బు ఒక్కటే, వేషములు రెండు. మా చెల్లెలికి పొక్కు రానందువలన అది వేఱు జబ్బు కాలేదు. రోగి దగ్గినను, తుమ్మినను, ఎంగిలి పాత్ర త్రాగినను ఇది యంటును. అంటిన రెండు మొదలు అయిదు దినములలో బయటపడును. అయిదు మొదలు పదునైదేండ్ల పిల్లలలో హెచ్చు. మూడేండ్ల లోపువారిలో అరుదు.

వచ్చు క్రమము ఇది. మొదట హఠాత్తుగా జ్వరము, గొంతు నొప్పి, తలనొప్పి, కొందఱికి కడుపునొప్పియు వాంతులును. ఒకటి రెండు దినములలో మెడ, చంకలు, గజ్జలు, ఱొమ్ము, కడుపు, ఈ తావుల పొక్కు. వ్రేలితో నదిమిన యెఱుపు పోవును, తీసిన మఱల వచ్చును. మోచేతి మడతలలోను చంకలలోను ఎఱ్ఱని గీతలు తేలును. చెక్కిళ్ళు కందును, నోటి చుట్టు మాత్రము పాలిపోయి యుండును. నాలుక మీది తెల్లపూత నాలుగైదు దినములలో ఊడి, నాలుక కెంపెక్కును. దానిని స్ట్రాబెరీ పండుతో పోల్చుదురు. వారము నాటికి పొక్కు అణగును.

తట్టుకు దగ్గు, జలుబు, కన్నుల యెఱుపు ముందు వచ్చును; పొక్కు చెవుల వెనుకను ముఖమునను మొదలై క్రిందికి దిగును. ఆటలమ్మకు నీటి బుగ్గలుండును. డెంగ్యూ జ్వరమునను మేనెఱ్ఱనగును. వానకాలమున మన ప్రాంతములలో దానిని మఱవరాదు. డెంగ్యూ కాదని తేలువఱకు ఐబూప్రొఫెన్ వంటి మందులు ఇంట ఇయ్యరాదు. వేఱొకటి చెప్పక తప్పదు: అయిదేండ్ల లోపు బిడ్డకు అయిదు దినములు దాటియు జ్వరము విడువక, కన్నులు పుసులు లేకయే ఎఱ్ఱబడి, పెదవులు పగిలి, నాలుక కెంపెక్కి, చేతులు కాళ్ళు వాచినచో, అది కవాసాకి యను వేఱు జబ్బు కావచ్చును. అది గుండె నాళములను చెఱచును. దాని చికిత్స వేఱు, పదవ దినము లోపలనే జరుగవలెను. ఇన్ని భేదములను మనము ఇంట కూర్చుండి తేల్చజాలము. తెలిసికొనుట వైద్యుని యొద్దకు వేగిరము పోవుటకే.

పెనిసిలిన్ లేని కాలమున ఈ జ్వరము చేసిన పని తలచుకొనిన ఒడలు జలదరించును. ఇంగ్లండున కార్లైల్ పట్టణమున ఆర్చిబాల్డ్ టెయిట్ అను మతాధికారి యుండెను. తరువాత కాంటర్బరీ ఆర్చిబిషప్ అయ్యెను. ఆయన యింట 1856 మార్చి, ఏప్రిల్ నెలలలో, అయిదాఱు వారములలో, అయిదుగురు చిన్న కుమార్తెలు ఒకరి వెంట నొకరు ఈ జ్వరముతో పోయిరి. తల్లి కేథరిన్ అప్పుడే ప్రసవించిన బాలెంత. మిగిలినవారు ఆ పసికందును, ఒక కుమారుడును. ఆ తల్లి ఆ దినములను గూర్చి వ్రాసి యుంచుకొన్నది. ఆమె మరణానంతరము 1879లో అది అచ్చుపడెను. 1858 జూన్ 28న చార్లెస్ డార్విన్ గారి కడపటి కుమారుడు, ఏడాదిన్నర బిడ్డ, ఇదే జ్వరమున పోయెను. మూడు దినములకు ఆయన జీవపరిణామ సిద్ధాంతము లండనులోని పండితసభలో చదువబడగా ఆయన అక్కడ లేడు. ఆ యిండ్లలో ధనము లేకకాదు, వైద్యులు లేకకాదు, మందు పుట్టలేదు.

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెనిసిలిన్‌ను కనిపెట్టెను. 1942 మార్చిలో అమెరికాలో ఒక గృహిణి, గర్భస్రావానంతరము ఈ జాతి సూక్ష్మజీవియే నెత్తురున చేరి మరణశయ్యపై నుండగా, ఆ మందుతో ఒక్క రాత్రిలో జ్వరము దిగెను. ఆమె 1999 వఱకు జీవించెను. నేటికిని స్కార్లెట్ జ్వరమునకు పెనిసిలినే, లేక దాని జ్ఞాతియగు అమాక్సిసిలినే ఇచ్చుచున్నారు. అవి పడని పిల్లలకు వేఱు మందులు కలవు. పూర్వము ఏ మందుకైన దద్దురు లేచియుండిన వైద్యునితో ముందే చెప్పవలెను. ఈ జ్వరమునకు టీకా యింకను రాలేదు. మందు మొదలిడిన ఒక దినమునకు బిడ్డ యితరులకు అంటించుట యించుమించు ఆగిపోవును. రెండు మూడు దినములలో జ్వరము దిగును. ఇచ్చటనే తల్లి మోసపోవును, మేమును మోసపోయితిమి.

శనివారము మందు మొదలైనది. పూటకొక మోతాదు, దినమునకు రెండు, పది దినములు. సోమవారమునకు జ్వరము లేదు. మంగళవారము వాడు అన్నమడిగెను. బుధవారము వీధిలో గోలీలాడుచు కనబడెను. విరేచనములు కొంచెము పలుచగా అగుచుండగా, మందు వేడిచేసినదని మేమే అనుకొని, ఇక చాలులే యని ఆనాటి రెండు పూటలును మానితిమి. మా అత్తగారి ప్రోద్బలము ఇందేమియు లేదు. ఆమె చెప్పియుండిన తప్పు ఆమెపై మోపి ఊఱట పొందియుందుము. ఆ వీలును లేదు. రాత్రి మావారు సీసా వెలుతురున కెత్తి చూచి, "సీసాలో మందు నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉందేం?" అని అడిగిరి. చెప్పితిమి. వారేమియు అనలేదు. మా చెల్లెలి పేరు మాత్రము ఒకసారి పలికిరి.

జ్వరము దిగుట వేఱు, గొంతులోని జీవి నశించుట వేఱు. నాలుగు దినముల మందుకు జీవి సన్నగిలి, బిడ్డ హాయిగా నుండును. మిగిలినవి మఱల పెరుగును. అది గొంతున మిగిలినంత కాలము మన శరీరము దానితో పోరాడుచుండును. ఆ పోరున నొక పొరపాటు కలదు. దొంగను పట్ట బయలుదేరిన తలారి, దొంగ కట్టినట్టి పంచెయే కట్టిన యింటియజమానిని పట్టికొట్టిన చందమున, శరీరరక్షకబలము ఆ జీవిని పోలిన పోలికలు గుండెయందును కీళ్ళయందును కనుగొని వానిపై పడును. అదియే కీళ్ళజ్వరము, వైద్యులు రుమాటిక్ జ్వరమందురు. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారములకు వచ్చును. కీళ్ళు బాగుపడును, గుండె కవాటము బాగుపడకపోవచ్చును. జబ్బు మొదలైన తొమ్మిది దినములలోపల మందు మొదలిడి, చెప్పినన్ని దినములును ఇచ్చినచో దీనిని నివారింపవచ్చునని వైద్యుల మాట. అనగా రెండు మూడు దినములు ఆలస్యమైన తల్లి నిరాశ చెందనక్కఱలేదు. పదవ నాటికిని వేపాకులతోనే కూర్చుండుట మాత్రము ప్రమాదము.

ఆ రాత్రియే డాక్టరమ్మకు ఫోను చేసితిమి. కోపగింపలేదు. మానిన పూటలకు పరిహారముగా రెండు మోతాదులు ఒక్కసారి ఇయ్యవద్దనియు, వెంటనే మొదలిడి మొత్తము ఇరువది పూటలును పూర్తిచేయుమనియు చెప్పెను. మఱునాటి ఉదయము మేము మేల్కొనునప్పటికి మా అత్తగారు వంటింటి గోడపై పసుపుతో తొమ్మిది బొట్లు పెట్టియుంచిరి. శనివారమునుండి మంగళవారము వఱకు ఎనిమిది, ముందునాటి రాత్రి ఇచ్చినది ఒకటి. నాటినుండి మందు వేయుట మా పని, బొట్టు పెట్టుట ఆమె పని. ఒకనాడు మేము అయిదు నిమిషములు ఆలసింపగా, పసుపు గిన్నె చేతబట్టుకొని వచ్చి ఎదుట నిలిచిరి.

ఉపచారమున కష్టమేమియు లేదు. గొంతు మండుచుండగా కారము, పులుపు, వేయించిన పదార్థములు మ్రింగలేరు. జావ, మెత్తగా ఉడికిన పెసరపప్పు అన్నము, పలుచని మజ్జిగ, కొబ్బరినీరు, కొంచెము కొంచెముగా పలుమాఱు ఇయ్యవలెను. ఐసు చప్పరించిన జలుబు చేయునని భయపడుదుము గాని, చల్లనిది గొంతునకు హాయి నిచ్చును. ఉప్పునీరు పుక్కిలించి యుమ్మగల యీడు వచ్చినవారికే అది. జ్వరమునకు పారసెటమాల్, బిడ్డ తూకమును బట్టి వైద్యులు చెప్పినంత. పిల్లలకు ఆస్పిరిన్ ఎన్నడును ఇయ్యరాదు. మందును ఉగ్గుగిన్నెతోను వంటింటి చెంచాతోను కొలువక, సీసాతో వచ్చిన కొలతతోనే కొలువవలెను. కొలిచిన పిదప ఉగ్గుగిన్నెలో పోసి పట్టిన తప్పులేదు. గోళ్ళు కత్తిరింపవలెను, గరుకు మేనికి దురద యుండును. రోగి గ్లాసు, కంచము, తుండుగుడ్డ వేఱు. ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మందుల దుకాణమున అడిగి మూడు దినముల మాత్రలు కొని తెచ్చుకొనుట మన ఊళ్ళలో వాడుకయైనది. అది మేము పైన చెప్పుకొనిన మా తప్పునకు తోబుట్టువు.

మ్రింగలేక చొంగ కార్చుచున్నను, ఊపిరి పట్టినట్లున్నను, మెడ బిగిసినను, మూత్రము మిక్కిలి తగ్గినను, మగతగా పడియున్నను, క్షణమాలసింపక ఆసుపత్రికి పోవలెను. ఈ జీవి అరుదుగా గొంతు దాటి నెత్తురులోనికి దిగును. ఇంగ్లండున 2014 నుండి ఈ జ్వరము మఱల హెచ్చి, 2022 చలికాలమున మఱింత విజృంభించినప్పుడు, అట్లు దిగి కొందఱు పిల్లలు మరణించిరి.

మావారు బడిలో ప్రధానోపాధ్యాయులకు సంగతి తెలిపిరి. మా వాని జబ్బు వలన బడికి చెడ్డపేరని కొందఱనుకొందురేమో యని మాకు సంకోచముండెను, వారికి లేదు. ఆ తరగతిలోనే మఱి ఇద్దఱు పిల్లలు గొంతు నొప్పితో ఇంటనుండిరి. ఒకని యింట వేపమండలు కట్టియుండిరి. మావారు ఆ యింటికి స్వయముగా పోయి, బాలుని తండ్రితో మాటాడి, పట్టణమునకు పంపివచ్చిరి. మూడేండ్ల మా పాపకు మాత్రము ఏమియు కాలేదు. రోజును దాని గొంతు చూచుచుంటిమి. టార్చి కనబడినంతనే అది నోరు తెఱచుట నేర్చినది.

మూడవ వారమున మా అబ్బాయి వ్రేళ్ళ కొసలు పొట్టు లేచినవి, చిలగడదుంప యుడికినట్లు. పాదములును అంతే. చూచి కంగారుపడితిమి గాని, అది యీ జబ్బు వెడలిపోవు రీతియట. కొబ్బరినూనె రాచిన చాలును. కంగారు పడవలసినవి వేఱు. జబ్బు తగ్గిన ఒకటి రెండు వారములకు ఉదయమున ముఖము ఉబ్బినను, మూత్రము కాఫీ డికాషను రంగున వచ్చినను, అది మూత్రపిండముల వాపు. సరిగా మందు వాడిన పిల్లలకును అరుదుగా రావచ్చును. కీళ్ళు ఒకదాని తరువాత ఒకటి వాచుట, ఆటలో ముందున్నవాడు ఆయాసపడి కూర్చుండుట కీళ్ళజ్వరపు గుర్తులు. కొన్ని నెలలకు చేతులు తమంతట తామే కదలుచు, బిడ్డ చేతివ్రాత చెడును, చేతిలోని గ్లాసు జాఱును. ఇదియు ఆ కీళ్ళజ్వరపు శాఖయే, దీనికి పైన చెప్పిన సైడెన్‌హామ్ పేరే పెట్టిరి. అట్టి పిల్లలను వ్రాత చెడినదని బెత్తముతో కొట్టిన బడులు ఎన్ని యున్నవో! మావారు ఈ సంగతి విని, తమ తరగతిలో చేతివ్రాతలను అప్పటినుండి వేఱు కన్నుతో చూచుచున్నారు.

పదునొకండవ దినము ఉదయము ఇరువదవ బొట్టు పడినది. మఱునాడు మా అత్తగారు వేపాకు, పసుపు వేసి కాచిన నీటితో మనుమనికి తలంటు పోసిరి. గుమ్మమునకు కట్టిన మండలు తీసి చెట్టు మొదట వేసిరి. పెరుగన్నము నివేదన పెట్టిరి. సూది పొడిపించుకొన పట్టణము వచ్చిన మా చెల్లెలు తిరుగుదారిని మా యింటికి వచ్చి, వాకిట చెప్పులు విడుచుచునే వానిని పిలిచి నాలుక చాపుమనెను. వాడు చాపెను. లోపల మా అత్తగారు పప్పుచారు దించి, పన్నెండు దినముల తరువాత తాలింపు గరిటె పొయ్యిమీద పెట్టి, ఆవాలు వేసిరి.